వేగానికి బహుమతి పెట్టండి, కానీ ముందు కొలత ఖరారు చేయండి

సంపాదకులకు నమస్కారం.

మన రెండు రాష్ట్రాల్లో హ్యాకథాన్‌లకు కొదవ లేదు. రెండు రోజులు కూర్చోబెట్టి కొత్త యాప్ తయారుచేయించడం, వేదిక మీద పెద్ద చెక్కుతో ఫొటో దిగడం ఇంజనీరింగ్ కాలేజీల్లో మామూలైపోయింది. ఆ యాప్‌లలో చాలావాటిని నెల తిరిగాక తెరిచే నాథుడుండడు. మరోపక్క అందరం రోజూ వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోన్‌లో వీడియో ఆడించే డీకోడరు, పాత పుస్తకం స్కాన్‌ను అక్షరాలుగా మార్చే ఓసీఆర్, ఆఫీసు లెక్కలు దాచే డేటాబేసు అన్నీ ఆ కోవలోవే. వీటిలో ఒక్కదాన్ని పది శాతం వేగంగా నడిచేలా చేసినా, తర్వాతి విడుదలతో ఆ లాభం వాడేవాళ్లందరికీ చేరుతుంది. ఆ పనికి నగదు బహుమతులు పెట్టమని రెండు ప్రభుత్వాల ఐటీ శాఖలనూ, హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్న కంపెనీలనూ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇలాంటి పోటీలు ఎక్కడ చెడతాయో, చెడకుండా ఏం చేయాలో కూడా వివరంగా చెబుతున్నాం. సరిగా నడపని వేగం పోటీ వల్ల డబ్బు వృథా కావడమే కాదు, చక్కగా నడుస్తున్న ప్రాజెక్టు కూడా పాడవుతుంది.

ఈమధ్యే జరిగిన ఉదాహరణతో మొదలుపెడతాం. ఏవీ1 అనే ఫార్మాట్‌లో కుదించిన వీడియోను విప్పే డావ్1డి అనే డీకోడరును వీడియోల్యాన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ వాళ్లు సీ భాషలోనూ, వేగం కావలసిన చోట ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే అసెంబ్లీ భాషలోనూ రాశారు. మెమరీ తప్పులకు తావు లేకుండా దాని సీ భాగాన్ని రస్ట్ భాషలోకి మార్చిందే రావ్1డి. అసెంబ్లీ భాగం రెండింటికీ ఒకటే, అయినా రస్ట్ రూపం అప్పట్లో సుమారు 5 శాతం నెమ్మది. ఆ తేడాను చెరిపేసినవాళ్లకు 20,000 డాలర్లు ఇస్తామని 2025 మే నెలలో ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ తన ప్రోసిమో ప్రాజెక్టు తరఫున ప్రకటించింది. అప్పటి మారకంలో దాదాపు 17 లక్షల రూపాయలు. పోటీకి ఇంతకన్నా మంచి సమస్య దొరకడం కష్టం. ఎంత వేగం సాధ్యమో పాత డీకోడరే చూపిస్తోంది. ఒకే వీడియోకి రెండూ ఒకే బొమ్మ ఇవ్వాలి గనక తప్పొప్పుల మీద వాదన ఉండదు. గెలుపు ఒక్క అంకెలో తేలిపోతుంది.

ఆ నెలలోనే వచ్చిన రెండు మార్పులు చూస్తే ఈ పని ఎలాంటిదో తెలుస్తుంది. ఒక ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ తాత్కాలిక బఫరును, అంటే కాసేపు వాడుకునే మెమరీని, రస్ట్ కోడు సున్నాలతో నింపుతోంది. వెంటనే ఆ చోటంతా అసలు విలువలతో నిండిపోతుంది కాబట్టి ఆ నింపడం దండగ, సీ కోడు ఆ పని చేయదు. దాన్ని తీసేస్తే ఆపిల్ ఎం3 చిప్ మీద సుమారు ఒకటిన్నర శాతం కలిసొచ్చింది. రెండోది ఇంకా చిన్నది. బొమ్మలో ఒక భాగం ఎటు, ఎంత జరిగిందో చెప్పే చలన సదిశ అనేది రెండు 16 బిట్ల అంకెల జత. రెండు జతలు సమానమా అని చూడటానికి కంపైలరు ఒక్కో అంకెనూ విడిగా పోలుస్తోంది. మొత్తాన్ని ఒకే 32 బిట్ల ముక్కగా పోల్చేలా రాస్తే మరో 0.7 శాతం. పెద్ద ఆల్గరిథం ఏదీ మారలేదు. ఏ భాగానికి ఎంత సమయం పోతోందో చూపే ప్రొఫైలరు ముందు ఓపిగ్గా కూర్చుని, రెండు భాషల్లోనూ ఒకే ఫంక్షన్‌కి ఎంత సమయం పడుతోందో పక్కపక్కన పెట్టి చూస్తే దొరికినవి ఇవి. ఇలాంటి ఓపిక మన ఇంజనీర్లకు పుష్కలంగా ఉంది.

ఇక్కడే మాకు బాధ కలిగించే విషయం ఉంది. ఆ పోటీ నిబంధనల ప్రకారం అమెరికా, బ్రిటన్, పలు యూరప్ దేశాలు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో నివసించేవారు లేదా అక్కడి పౌరులు మాత్రమే అర్హులు. డల్లాస్‌లో ఉన్న తెలుగు ఇంజనీరుకు పాల్గొనే వీలుండేది, మాదాపూర్‌లో ఉన్నవారికి ఆ వీలు లేకపోయింది. విదేశీ చెల్లింపుల్లో ఉండే చట్టపరమైన చిక్కుల వల్ల నిర్వాహకులు ఇలాంటి గీతలు గీస్తుంటారు, వాళ్లను తప్పుపట్టడం లేదు. ఇక్కడి డబ్బుతో ఇక్కడే పోటీ పెడితే తప్ప ఆ తలుపు మనకు తెరుచుకోదన్నదే మా మాట.

బహుమతిని ఎలా పంచాలన్నది మొదటి నిర్ణయం. నెట్‌ఫ్లిక్స్ 2006లో తన సిఫార్సు పద్ధతిని 10 శాతం మెరుగుపరిచినవాళ్లకు 10 లక్షల డాలర్లు ప్రకటించింది. 2009లో గెలిచిన జట్టు 10.06 శాతం సాధించింది, అంతే స్కోరుతో ఇంకో జట్టు 20 నిమిషాలు ఆలస్యంగా పంపి ఓడిపోయింది. చివరికి నెగ్గిన ఆ భారీ కలగూర పద్ధతిని నెట్‌ఫ్లిక్స్ తన సేవలో పెట్టలేదు. వచ్చే లాభానికి పడే ఇంజనీరింగ్ శ్రమ ఎక్కువని తేల్చింది. అయితే మధ్యలో ఇచ్చిన 50,000 డాలర్ల ప్రగతి బహుమతి వల్ల బయటికొచ్చిన రెండు పద్ధతులను మాత్రం వాడుకుంది. పద్ధతిని బహిరంగంగా రాసి ప్రచురించాలన్నది ఆ మధ్య బహుమతికి షరతు. ఇందులోంచి మనం నేర్చుకోవలసింది స్పష్టం. మొత్తమంతా ఒక్కరికి, ఆఖర్న ఇవ్వకూడదు. హట్టర్ ప్రైజ్ పద్ధతి మేలు. 1 జీబీ వికీపీడియా పాఠాన్ని ఎంత చిన్నదిగా కుదించగలరన్న ఆ పోటీలో పాత రికార్డు కన్నా ప్రతి ఒక్క శాతానికీ 5,000 యూరోలు ఇస్తారు, సోర్స్ కోడు బయటపెట్టడం తప్పనిసరి. ఒకే కోర్, 10 జీబీ మెమరీ, సుమారు 50 గంటల సమయం అని హద్దులు కూడా రాసి పెట్టారు. హద్దులు లేకపోతే ఎక్కువ యంత్రాలున్నవాడే గెలుస్తాడు.

అసలు కష్టమంతా కొలతలో ఉంది. కాటా సరిచూడకుండా బంగారం కొన్నట్టు, కొలత ఖరారు కాకుండా బహుమతి ప్రకటించేవాళ్లు చాలామంది. ఒకే ప్రోగ్రాంను ఒకే యంత్రం మీద పదిసార్లు నడిపినా పది సమయాలు వస్తాయి. ప్రాసెసర్ టర్బో ఎక్కుతుంది, వేడెక్కి దిగుతుంది, పక్కన ఇంకేదో పని నడుస్తుంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న వర్చువల్ యంత్రం ఈ పనికి అసలు పనికిరాదు, పక్కవాడి లోడు మీ అంకెలోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి సొంత యంత్రం ఉండాలి. ప్రాసెసర్ వేగాన్ని తానే పెంచుకునే టర్బో, ఒక కోర్‌ను రెండుగా చూపే హైపర్‌థ్రెడింగ్ రెండూ ఆపాలి. ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే గవర్నరు అమరికను పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి, ప్రోగ్రాంను నిర్ణీత కోర్లకే కట్టేయాలి. పాత కోడును ఇరవై సార్లు నడిపి ఆ తర్వాత కొత్తదాన్ని ఇరవై సార్లు నడపడం తప్పు. పాతది, కొత్తది, పాతది, కొత్తది అని మార్చి మార్చి నడిపితేనే గది వేడి, డిస్కు స్థితి లాంటివి రెండింటికీ సమానంగా తగులుతాయి. ఇంకో సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. ప్రోగ్రాంకు సిస్టం అందించే అమరికల (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) పొడవు మారితే, మెమరీలో స్టాక్ అనే భాగం మొదలయ్యే చోటు మారి, కోడులో ఒక్క అక్షరం మారకుండానే సమయం కొన్ని శాతం అటూఇటూ అవుతుంది. కంపైల్ చేసిన ముక్కలను (ఆబ్జెక్ట్ ఫైళ్లను) ఒకే ప్రోగ్రాంగా లింక్ చేసే వరస మారినా అంతే. అందుకని ఆ వరసను, ఆ పొడవును మారుస్తూ కూడా కొలవాలి. తేడా ఆ ఊగిసలాటను దాటితేనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక శాతం మెరుగుదలకు లక్ష రూపాయలు ఇస్తూ, మీ యంత్రంలోనే రెండు శాతం ఊగిసలాట ఉంటే ఆ లక్ష లాటరీ కింద లెక్క.

2024 జనవరిలో గున్నార్ మోర్లింగ్ అనే జావా ఇంజనీరు నడిపిన వంద కోట్ల వరసల సవాలు ఈ విషయంలో చూడదగ్గది. దాదాపు 13 జీబీ ఉన్న ఉష్ణోగ్రతల ఫైలు చదివి ఒక్కో కేంద్రానికీ కనిష్ఠం, సగటు, గరిష్ఠం జావాలో లెక్కగట్టాలి. మామూలుగా రాస్తే ఐదు నిమిషాలకు కాస్త తక్కువ పట్టేది, గెలిచిన ఎంట్రీ 8 కోర్ల మీద 1.535 సెకన్లలో ముగించింది. ఫైలును ర్యామ్ డిస్కులో పెట్టి, ఐదుసార్లు నడిపి, అతి వేగమూ అతి నెమ్మదీ తీసేసి, మిగతా మూడింటి సగటు తీశారు. ఇంత పద్ధతిగా చేసినా తెలివైనవాళ్లు కొలతలోని సందు పట్టుకున్నారు. అసలు పనిని పిల్ల ప్రాసెస్‌కు, అంటే మొదటి ప్రోగ్రాం పుట్టించిన ఇంకో ప్రోగ్రాంకు, అప్పగించి, జవాబు రాగానే తల్లి ప్రాసెస్ అచ్చువేసి బయటికి వచ్చేస్తుంది. అంత పెద్ద మెమరీని తిరిగి ఇచ్చే పని, గడియారం ఆగాక, పిల్ల ప్రాసెస్ చేసుకుంటుంది. నిబంధనల్లో అది తప్పు కాదు, సరదా పోటీలో ముచ్చటైన ఎత్తే. నిజమైన వాడకందారుకు మాత్రం ఒక్క మిల్లీసెకను కూడా మిగలదు. డబ్బు పెట్టే పోటీలో తల్లి, పిల్ల అన్ని ప్రాసెస్‌ల ప్రాసెసర్ సమయాన్నీ కలిపి లెక్కించాలి. అదే పోటీలో మామూలు ఫైలులో 413 కేంద్రాల పేర్లే ఉన్నాయి, నిబంధన మాత్రం 10,000 దాకా ఉండొచ్చంటుంది. పేర్లను వేగంగా వెతకడానికి 413కు సరిపోయేలా బిగించిన హ్యాష్ టేబుళ్లు 10,000 పేర్లు పెడితే చతికిలబడతాయి గనక దానికి విడిగా ఇంకో ఫలితాల పట్టిక పెట్టారు. పరీక్ష డేటాలో సగం బయటపెట్టి, సగం ముగింపు దాకా రహస్యంగా ఉంచడమే దీనికి సరైన మందు.

ఇప్పుడు తెలుగుకు నేరుగా పనికొచ్చే ఒక పోటీని ప్రతిపాదిస్తున్నాం: టెసరాక్ట్ అనే ఓపెన్ సోర్స్ ఓసీఆర్‌తో తెలుగు పేజీలు చదివే వేగం. కాపీరైటు ముగిసిన తెలుగు పుస్తకాల స్కాన్‌లు గుట్టలుగా ఉన్నాయి, అవి వెతకడానికి వీలైన పాఠంగా మారాలి. పేజీకి 6 సెకన్లు పడుతుందనుకుంటే 10 లక్షల పేజీలకు ఒక కోర్ మీద దాదాపు 70 రోజులు. అందులో 30 శాతం తగ్గినా 20 రోజులకు పైగా మిగులుతాయి.

ఈ పోటీలో మొదటి ప్రమాదం ప్రాతిపదికను, అంటే ఎంట్రీలను పోల్చి చూసే మొదటి వేగాన్ని, తప్పుగా తీసుకోవడం. టెసరాక్ట్ ఒక్కో పేజీకి నాలుగు థ్రెడ్ల (సమాంతరంగా నడిచే పనుల) దాకా తెరుస్తుంది. ఒకేసారి అనేక పేజీలు నడిపేటప్పుడు అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే అమరికను 1గా పెడితే కోడు ముట్టకుండానే మొత్తం పని వేగం పెరుగుతుంది. డీఫాల్ట్ అమరికతో ప్రాతిపదిక తీస్తే ఈ ఒక్క కిటుకు తెలిసినవాడికి లక్షలు ముట్టజెప్పినట్టే. అలాగే టెసరాక్ట్‌కు బెస్ట్, ఫాస్ట్ అనే రకాల మోడళ్లు ఉన్నాయి. ఫాస్ట్ రకం పూర్ణాంకాలతో లెక్కిస్తుంది. బెస్ట్ నుంచి ఫాస్ట్‌కు మారడం ఆవిష్కరణ కాదు. కంపైలరుకు ఇచ్చే అమరికలను మార్చి సాధించిన వేగానికీ ఇదే వర్తిస్తుంది. ఇప్పటికున్న సాఫ్ట్‌వేర్‌ను ఎంత బాగా అమర్చి నడపగలమో అంతా చేసి, దాన్నే ప్రాతిపదికగా ప్రకటించాలి. దానితోపాటు ప్రొఫైల్ కూడా ఇవ్వాలి: పేజీలోని వరసలు విడదీయడానికి ఎంత, న్యూరల్ నెట్‌వర్క్ గుణకారాలకు ఎంత, స్కాన్ బొమ్మను తెరవడానికి ఎంత సమయం పోతోంది అన్నది. మొత్తంలో పదో వంతు సమయం తినే భాగాన్ని సున్నాకు తెచ్చినా వేగం 11 శాతమే పెరుగుతుంది. ఈ లెక్క ముందే తెలిస్తే కుర్రాళ్లు తప్పుచోట నెలలు పోసుకోరు.

రెండోది ఖచ్చితత్వం. బొమ్మను చిన్నది చేస్తే ఏ ఓసీఆర్ అయినా వేగంగా నడుస్తుంది. కానీ థ కడుపులో ఉన్న చుక్క మాయమై అది ధ అవుతుంది, ధ కింది గీత చెరిగి ద అవుతుంది, ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి అక్షర దోషాల శాతం ప్రాతిపదిక కన్నా పెరిగితే ఎంట్రీ చెల్లదని రాయాలి. ఆ శాతాన్ని లెక్కించడంలోనూ ఒక తిరకాసు ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, బైట్లు వేరు. పోల్చే ముందు రెండు పాఠాలనూ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చకపోతే ప్రతి ఐత్వమూ తప్పుగా లెక్కపడొచ్చు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత దాక్కునే కనబడని విడదీత అక్షరాన్ని లెక్కించాలో వదిలేయాలో కూడా ముందే తేల్చాలి. పరీక్షకు వెయ్యి పేజీలు బహిరంగంగా, ఐదొందలు రహస్యంగా ఉంటే చాలు. సరైన పాఠాన్ని ఇద్దరు విడివిడిగా టైప్ చేసి, తేడా వచ్చినచోట మూడోవారు చూడాలి. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలు తీసుకుంటే కాపీరైటు బెడద ఉండదు. కొలిచే యంత్రాలు రెండు రకాలు కావాలి: ఒకేసారి అనేక అంకెలను లెక్కించే ఏవీఎక్స్2 ఆదేశాలున్న ఇంటెల్ తరహా సర్వర్ ఒకటి, ఫోన్లలో ఉండే తరహా ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు ఒకటి. ఇంటెల్ మీద పరుగెత్తే కోడు ఆర్మ్ మీద నెమ్మదించడం మామూలే. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి బోర్డు వాడితే ఫ్యాన్ తప్పనిసరి, 80 డిగ్రీలు చేరాక అది తన క్లాకును తానే తగ్గించుకుంటుంది.

కొలతలో నెగ్గిన కోడు ప్రాజెక్టులో కలవకపోతే ఆ వేగం ఎవరికీ అందదు. పోటీల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ మెట్టే. నాలుగు వేల లైన్ల ఒకే ప్యాచ్ (కోడు మార్పు), అంతా ఒకే ఆదేశంతో అనేక అంకెలను లెక్కించే సిమ్డ్ కోడును చేత్తో రాసి పంపితే చదివేదెవరు? చాలా ప్రాజెక్టుల బాగోగులను ఒకరిద్దరు మెయింటెయినర్లే, అదీ సాయంత్రాల్లో, జీతం లేకుండా చూసుకుంటున్నారు. పోటీ ప్రకటించే ముందే వాళ్లను అడగాలి, వద్దంటే ఇంకో ప్రాజెక్టు చూసుకోవాలి. సమీక్షించే గంటలకు వాళ్లకు గౌరవ వేతనం బడ్జెట్‌లోనే ఉండాలి, ప్యాచ్‌ను కలిపినా తిరస్కరించినా అది అందాలి. లేకపోతే కలపమని ఒత్తిడి చేసినట్టవుతుంది. తర్క సమస్యలను పరిష్కరించే శాట్ సాల్వర్ అనే ప్రోగ్రాంల పోటీల్లో, మినీశాట్ అనే సాల్వర్‌ను మార్చే మినీశాట్ హ్యాక్ అనే విభాగం ఉండేది. అసలు కోడులో మార్పు 1,000 అక్షరాలు దాటకూడదన్నది నిబంధన. చిన్న మార్పుతో పెద్ద ఫలితం రాబట్టే అలాంటి విభాగం మన పోటీలోనూ ఉంటే విద్యార్థులకు అందుబాటులో ఉంటుంది, మెయింటెయినర్లకు చదవడం సులువవుతుంది.

భద్రత సంగతి మరవకూడదు. ఎక్స్‌జెడ్ కుదింపు లైబ్రరీలో దొంగదారి ఉందని 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టారు. అలసిపోయిన ఏకైక మెయింటెయినరు నమ్మకాన్ని ఎవరో మారుపేరుతో ఏళ్ల తరబడి సంపాదించి, హానికర కోడును పరీక్ష ఫైళ్లలో దాచిపెట్టారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఫ్రాయిండ్ గమనించబట్టే అది దొరికింది. అర్థంకాని వేగపు కోడుకు డబ్బు ఆశ చూపే పోటీ ఇలాంటివాళ్లకు దారి కాకూడదు. బైనరీ ఫైళ్లేవీ ఎంట్రీలో ఉండకూడదు, ప్రతి మార్పూ విడి కమిట్‌గా, ఎందుకు వేగం పెరిగిందో వివరణతో రావాలి.

ఏఐతో రాయించి పంపే ఎంట్రీల వరద తప్పదు. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, భద్రతా లోపాలు పట్టిచ్చినవారికి 2019 నుంచి ఇచ్చిన బగ్ బహుమతులను పనికిరాని ఏఐ నివేదికల తాకిడి తట్టుకోలేక 2026 జనవరి ఆఖరుతో ఆపేసింది. వేగం పోటీకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వేగం పెరిగిందో లేదో మనిషి చదవక ముందే యంత్రం చెప్పగలదు. పరీక్షలు నెగ్గి, ఊగిసలాటను దాటిన ఎంట్రీయే మెయింటెయినరు ముందుకు రావాలి. ఒక్కొక్కరికి వారానికి రెండు ఎంట్రీలకు మించి అవకాశం ఇవ్వకూడదు. కొలిచే కోడు, పోటీ కోడు ఒకే మెమరీలో ఉండకూడదు. 2025 ఫిబ్రవరిలో సకానా ఏఐ సంస్థ తన ఏఐ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కోడును ఎన్నో రెట్లు వేగవంతం చేసిందని ప్రకటించి, తర్వాత అది కొలత కోడులోని మెమరీ లొసుగుతో తనిఖీని తప్పించుకుందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

డబ్బు లెక్క పెద్దదేమీ కాదు. ఒక పోటీకి 25 లక్షలు చాలు. 12 లక్షలు బహుమతులు, 5 లక్షలు మెయింటెయినర్లకు, 4 లక్షలు యంత్రాలకూ పరీక్ష పాఠం తయారీకీ, 4 లక్షలు పోటీ నడిపే ఇంజనీరుకు. వ్యవధి నాలుగు నెలలు, అంతకు తగ్గితే ఉద్యోగస్తులు పాల్గొనలేరు. గెలిచినవారికి 60 శాతం కొలత తేలగానే, 30 శాతం కోడు ప్రాజెక్టులో కలిశాక. గెలిచినవారి తప్పు లేకుండా మెయింటెయినరు కాదంటే ఆ 30 శాతం కోడును బహిరంగంగా ఉంచినందుకు ఇవ్వాలి. మిగతా 10 శాతం సంగతి ఆఖర్న చెబుతాం. పోటీ బహుమతుల మీద సాధారణంగా 30 శాతం టీడీఎస్ కోస్తారు గనక చేతికొచ్చేదెంతో ప్రకటనలోనే రాయడం న్యాయం. ఐటీ ఉద్యోగులకు ఇంకో చిక్కుంది. చాలా నియామక పత్రాల్లో, ఇంట్లో రాసిన కోడు మీద కూడా కంపెనీకి హక్కుంటుందని రాసుకుంటారు. గెలిచాక అది బయటపడితే ప్యాచ్‌ను వెనక్కి తీయాల్సి వస్తుంది. నమోదు రోజునే కంపెనీ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం అడగాలి. ఇక్కడ ఆఫీసులున్న కంపెనీలు డబ్బు ఇవ్వలేకపోయినా ఈ పత్రం తొందరగా ఇస్తే అదే పెద్ద సాయం.

అన్నిటికీ పోటీ మందు కాదు. పైథాన్ 3.11 అంతకు ముందు విడుదలకన్నా సగటున 25 శాతం వేగంగా నడిచిందంటే, మైక్రోసాఫ్ట్ జీతమిచ్చి కూర్చోబెట్టిన జట్టు ఇంటర్‌ప్రిటరు (పైథాన్ కోడును నడిపే ప్రోగ్రాం) లోపలి నిర్మాణాన్నే మార్చబట్టే. ఆ పని నాలుగు నెలల బహుమతితో అయ్యేది కాదు. దానికి నిలకడైన నిధి కావాలి. స్టాక్ బ్రోకరేజి సంస్థ జిరోధా 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఏటా 10 లక్షల డాలర్లు అలా పంచుతోంది. మన ప్రభుత్వాలు పోటీ పెట్టి, అటువంటి నిధికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టకూడదు.

ఇక ఆ 10 శాతం. వేగం నిలవదు. ఒకరు తగ్గించిన మిల్లీసెకన్లను ఆర్నెల్లలో ఇంకెవరో తెలియక తిరిగి చేరుస్తారు. అందుకే కొలత యంత్రాన్ని పోటీ అయ్యాక అమ్మేయకుండా, ప్రాజెక్టులో కలిసిన ప్రతి మార్పునూ రోజూ రాత్రి కొలిచేలా ఏడాది పాటు నడపాలి. వేగం పడిపోతే ఆ మార్పు రాసినవారికి మర్నాడే కబురందాలి. ఏడాది తిరిగాక తన మార్పు ఇంకా పనిచేస్తోందని చూపినవారికి ఆ ఆఖరి 10 శాతం ఇవ్వాలి. ఏ శాఖ ముందుకొచ్చినా కొలత నిబంధనల ముసాయిదా రాసివ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పనితీరు మీద పనిచేసే ఇంజనీర్లం,
హైదరాబాద్